టేపు పట్టుకుని అయిదు రోజులు

మొదటి రోజు, గురువారం: హనుమకొండ, వరంగల్ కోట, పరకాల

ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క ఏళ్లు డ్రాయింగ్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో బొమ్మలు మానకుండా మిగిలినవాడు ఒక్కడే ఉన్నాడు. బతుకుదెరువుకు పెళ్లి మండపాలు అలంకరిస్తాడు, వినాయక చవితికి సెట్టింగులు వేస్తాడు, మిగిలిన రోజుల్లో ఇన్‌స్టలేషన్లు చేస్తాడు. ఆ మూడో పని వల్ల ఇంతవరకు వాడికి ఒక్క పైసా రాలేదు, కొంత అప్పు మాత్రం మిగిలింది. ఈసారి ఒక కళాశాల వాళ్లు మన ప్రాంతంలో జరిగిన మారణకాండల మీద తమ ఆవరణలో ఏదైనా చేసి పెట్టమని అడిగారట. చేసే ముందు అవి జరిగిన చోట్లకు ఒకసారి పోయి రావాలని, తోడుగా నన్ను రమ్మని వాడు అడిగాడు. కార్తీకం దాటి చలి మొదలైన ఒక గురువారం ఉదయం ఇద్దరం వాడి పాత కారులో బయలుదేరాము.

డిక్కీలో రెండు దుప్పట్లు, ఒక ఫ్లాస్కు, ఒక నోటుబుక్కు, మేస్త్రీలు వాడే ముప్పై మీటర్ల టేపు ఉన్నాయి. టేపు దేనికని అడిగాను. “చచ్చిపోయినోళ్లకు, చూసేటోళ్లకు నడుమ ఎంత దూరం పెట్టిన్రో కొలుద్దామని, సార్” అన్నాడు. పెళ్లి మండపాలు కొలిచి కొలిచి వీడికి ఇదొక జబ్బుగా మారిందనుకుని అప్పుడు నవ్వి ఊరుకున్నాను.

ఇన్‌స్టలేషన్ అంటే ఏమిటో వరంగల్ వాళ్లకు విడమరచి చెప్పాల్సిన అవసరం లేదని నా అభిప్రాయం. గోడకు తగిలించిన పటాన్ని చూసి పక్కకు జరిగినట్టు కాకుండా, ఒక చోటు మొత్తాన్ని అమర్చి, చూసేవాణ్ణి అందులోకి నడిపించి, వాడి నడకతో, ఎత్తుతో, ఊపిరితో సహా అర్థం పుట్టించే పని అది. నవరాత్రుల్లో సెట్టింగు చూడడానికి వరుసలో నిలబడి వంగి గుహలోకి దూరిన ప్రతి పిల్లవాడికీ ఆ సంగతి తెలుసు. తేడా ఎక్కడంటే, గుహ దాటాక అక్కడ వినాయకుడు ఉంటాడు. ఇక్కడ ఎవరుండాలో తేల్చుకోవడమే కష్టం.

నగరం నడిబొడ్డున నిజాం కాలంనాటి సెంట్రల్ జైలు ఉండేది. 2021లో దాన్ని కూల్చి ఆ స్థలంలో పెద్ద ఆసుపత్రి కడుతున్నారు. ఆ దారినే వెళ్లినా దిగలేదు. కోటలో మాత్రం గంటసేపు ఉన్నాము. నాలుగు కీర్తితోరణాల నడుమ, 1323లో ఢిల్లీ సేనల చేతిలో కాకతీయ రాజ్యం పడిపోయాక నేలమట్టమైన స్వయంభూ దేవాలయం తునకలు నేటికీ వరుసగా పేర్చి కనిపిస్తాయి: సగం ఏనుగు, తల లేని హంస, దూలం మీద తెగిపోయిన తీగ. ప్రభుత్వ ముద్రల మీదా పుస్తకాల అట్టల మీదా తోరణం ఒక్కటే కనిపిస్తుంది కాని, అది ఏ గుడికి ద్వారమో ఆ గుడి లేదన్న సంగతి ఆ ముక్కల మధ్య నడిస్తేనే ఒంటికి తెలుస్తుంది. వాడు టేపు తీయలేదు. ఏడువందల ఏళ్ల దూరాన్ని దేనితో కొలుస్తామన్నాడు.

మధ్యాహ్నానికి పరకాల చేరాము. 1947 సెప్టెంబర్ 2న, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మూడు వారాలైనా గడవకముందే, ఇక్కడ జాతీయ జెండా ఎగరవేయడానికి పోగైన జనం మీద నిజాం పోలీసులు, రజాకార్లు కాల్పులు జరిపారు. 22 మంది చనిపోయారు. దేశమంతటా స్కూళ్లలో మిఠాయి పంచిన జెండానే హైదరాబాద్ సంస్థానంలో ఎత్తడం నేరం. దీన్ని దక్షిణాది జలియన్‌వాలా బాగ్ అంటారు. ఒక చావును మరో చావు పేరుతో పిలవడం నాకు ఎప్పుడూ నచ్చలేదు; పరకాలకు పరకాల అనే పేరు చాలు.

అప్పటి కేంద్రమంత్రి చెన్నమనేని విద్యాసాగరరావు చొరవతో 2003లో కట్టిన అమరధామం ఆ సంఘటనను శిల్పాల గుంపుగా చూపిస్తుంది: జెండాలు పట్టుకున్న జనం, ఎక్కుపెట్టిన తుపాకులు, పడిపోతున్న దేహాలు. నా శిష్యుడు చాలాసేపు చుట్టూ తిరిగి, నిలబడ్డ చోటి నుంచి శిల్పాల దాకా కొలిచి నోటుబుక్కులో రాసుకుని, “మనం యాడ నిలబడి చూడాల్నో ముందే ఖరారు చేసిన్రు సార్. నాటకం చూసినట్టు చూసి పోతం” అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మేము అక్కడ ఉన్నంతలోనే మోటారుసైకిల్ మీద వచ్చిన ఒక రైతు కొడుకును భుజాన ఎత్తుకుని, ఎవరు కాల్చారో, ఎవరు పడ్డారో ఒక్కొక్క బొమ్మనూ వేలితో చూపిస్తూ చెప్పాడు. అక్షరం అవసరం లేని కథ అది. కాలిన బల్లనో విరిగిన కుర్చీనో అక్కడ పెట్టి ఉంటే ఆ రైతు ఏమి చెప్పేవాడని అడిగాను.

జవాబుగా వాడు వివాన్ సుందరం అనే కళాకారుడి సంగతి ఎత్తాడు. 1993 బొంబాయి అల్లర్లలో వీధిలో చచ్చిపడిన ఒక మనిషిని హోషి జాల్ అనే పత్రికా ఛాయాగ్రాహకుడు ఫొటో తీశాడు. పేరు తెలియని ఆ మనిషి ఫొటోనే తీసుకుని వివాన్ సుందరం అదే ఏడాది ‘మెమోరియల్’ అనే ఇన్‌స్టలేషన్ చేశాడు. ఆ దేహాన్ని ఇంకా పెద్దగా, ఇంకా స్పష్టంగా చూపించడానికి ఆయన ప్రయత్నించలేదు; ఫొటో కాగితం మీద మేకులు దిగవేసి, దాన్ని కప్పి, చుట్టి, ఒక అనాథ శవానికి చేయాల్సిన మర్యాదలన్నీ చేశాడు. పత్రికలో ఒకసారి చూసి పేజీ తిప్పేసిన వాళ్లను మళ్లీ పిలిచి ఆ కాగితం ముందు నిలబెట్టాడు. ఆ వాదనలో బలం ఉంది, కాదనను. కాని పరకాల శిల్పాల్లో నాకు దొరికిన లోపం వేరే ఉంది, అది డ్రాయింగ్ టీచరు లోపం: ఇంత గుంపులో చేతులు గీయడం ఎవరికైనా కష్టమే, వేళ్ల దగ్గరే పట్టు తప్పుతుంది. నా శిష్యుడికీ చిన్నప్పటి నుంచి వేళ్లు రావు. ఆ మాట అంటే మూతి ముడుచుకున్నాడు.

రెండో రోజు, శుక్రవారం: జనగామ, చేరియాల, బైరాన్‌పల్లి

హైదరాబాద్ రోడ్డు మీద జనగామ దాకా వచ్చి కుడికి తిరిగాము. ఆ జనగామ తాలూకాలోని కడవెండిలోనే 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీకి దొడ్డి కొమరయ్య బలయ్యాడు. అప్పటి నుంచి ఈ నేల మీద స్థూపం లేని ఊరు తక్కువ. సిమెంటు దిమ్మె, ఎర్ర రంగు, పైన సుత్తీ కొడవలి, కింద పేరూ తేదీ. కట్టినవాడు ఊరి తాపీమేస్త్రీ, రూపకర్త అంటూ ఎవరూ ఉండరు. మన దగ్గర బహిరంగ కళ లేదనే వాళ్లు ఒక్కసారి ఈ దారిలో బస్సు కిటికీ పక్కన కూర్చుంటే మాట మార్చుకుంటారు.

చేరియాలలో ఒక నకాషీ చిత్రకారుడి ఇంట్లో చాయ్ తాగాము. చింతగింజల అంబలి, సుద్దమట్టి కలిపి పూసిన గుడ్డ మీద ఎర్రని నేపథ్యంలో, అడ్డగీతల మధ్య వరుస వరుసగా కులపురాణాల కథలను గీసే పటం అది. కథ చెప్పేవాళ్లు పటాన్ని నిలువుగా వేలాడదీసి ఒక్కొక్క వరుసే విప్పుతూ రాత్రంతా చెప్పేవారు. వచ్చే వరుస ఇంకా చుట్టలోనే ఉంటుంది కాబట్టి ఏం జరగబోతుందో బొమ్మ ముందే చెప్పేయదు. పరకాలలో అంతా ఒకే చూపులో కనిపించిందన్న వాడి బాధకు ఇక్కడ ఒక మందు ఉన్నట్టు తోచి ఆ మాటే చెప్పాను. వాడు పటం చుట్టకర్రను అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉండిపోయాడు.

బైరాన్‌పల్లిలో బురుజు దూరం నుంచే కనిపిస్తుంది. 1948లో రజాకార్ల దాడులను ఎదుర్కోవడానికి ఊరి యువకులు దళంగా ఏర్పడి, ఈ బురుజు మీద కాపలా ఉండి, దాడి వస్తే పైనుంచి హెచ్చరించే ఏర్పాటు చేసుకున్నారు. నాటు తుపాకులు, ఒడిసెలలు, గుండ్రాళ్లు వాళ్ల ఆయుధాలు. వాటితోనే ఒకటికి రెండుసార్లు దాడులను తిప్పికొట్టారు. ఆ అవమానానికి కసి తీర్చుకోవడానికి ఆగస్టు 27న తెల్లవారకముందే రజాకార్లు, నిజాం బలగాలు పెద్ద సంఖ్యలో వచ్చి ఊరిని చుట్టుముట్టి, బురుజు మీద ఫిరంగులు పేల్చాయి. బురుజు చేజిక్కాక ఇళ్లలోంచి మగవాళ్లను లాక్కొచ్చి వరుసగా నిలబెట్టి కాల్చారు. ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. వివస్త్రలను చేసి శవాల చుట్టూ బతుకమ్మ ఆడించారని ఊరు నేటికీ చెబుతుంది. పక్కనున్న కూటిగల్లులోనూ అదే రోజు హత్యాకాండ జరిగింది. మరో మూడు వారాలకు, సెప్టెంబర్ 17న, నిజాం లొంగిపోయాడు. బైరాన్‌పల్లిలో చనిపోయిన వాళ్లు 96 మంది అని కొన్నిచోట్ల, 118 మంది అని మరికొన్నిచోట్ల రాశారు.

బతుకమ్మ గురించిన ఆ వాక్యాన్ని నేను ఇంతకుముందు పుస్తకాల్లో చదివాను. చదివినప్పుడు అది క్రూరత్వానికి ఒక ఉదాహరణగా మాత్రమే తోచింది. బురుజు కింద నిలబడి విన్నప్పుడు అందులోని లెక్క అర్థమైంది. పూలు పేర్చి, చుట్టూ తిరిగి, చప్పట్లు కొట్టి, చివరికి నీళ్లలో కలిపేసే బతుకమ్మకు మించిన ఇన్‌స్టలేషన్ మన ఆడవాళ్లు ఎన్నడూ చేయలేదు. హంతకులకు ఆ సంగతి బాగా తెలుసు. మనుషులను చంపడంతో తృప్తిపడక, ఆ మనుషులు తమను తాము కలుపుకునే రూపాన్నే తీసుకుని శవాల చుట్టూ తిప్పారు. నా శిష్యుడి మొదటి ఆలోచన పూలతో పని చేయాలని. ఆ సాయంత్రం దాన్ని కొట్టేశాడు. నేనూ వద్దనే అనేవాణ్ణి.

బురుజు చుట్టుకొలత తీయడానికి టేపు ఒక కొస పట్టుకోమని అక్కడ ఆడుకుంటున్న పిల్లవాణ్ణి పిలిచాడు. వాడు టేపు పట్టుకుని బురుజు వెనక్కి పరుగెత్తాడు. అరుగు మీద కూర్చున్న ఒక పెద్దాయన “సినిమా సెట్టింగా బిడ్డా?” అని అడిగాడు. కాదన్నాము, వచ్చిన పని చెప్పాము. “అయితే కూసోండ్రి” అని జరిగి చోటిచ్చాడు. తల్లి చెప్పిన మాటలు తప్ప తనకు స్వంతంగా ఏదీ గుర్తు లేదట, అప్పటికి ఆయన చంటివాడు. ఆ తల్లి చెప్పిందాంట్లో తుపాకుల కంటే ఎక్కువగా ఆయనకు నిలిచిపోయింది దాహం: గాదె వెనక దాక్కున్న ఆడవాళ్లకు మధ్యాహ్నం దాకా నీళ్లు లేవట, పిల్లలు ఏడవకుండా నోట్లో కొంగు కుక్కారట. చెబుతున్నంతసేపూ ఆయన వీపు బురుజు వైపే ఉంది. పుట్టిన నాటి నుంచి చూస్తున్నదాన్ని మళ్లీ తిరిగి చూడాల్సిన అవసరం ఆయనకేముంది?

నోటుబుక్కులో ఈ ఊరి పేజీలో దూరం ‘సున్న’ అని రాసి ఉంది. బురుజును ముట్టుకోవచ్చు, మేకలు దాని నీడలో పడుకుంటాయి, పిల్లలు దాని చుట్టూ పరుగెత్తుతారు. దగ్గరలోనే అమరుల స్థూపం ఉంది, ఏటా ఆగస్టు 27న అక్కడ దండలు వేస్తారు. కాని మనసు బురుజు దగ్గరే ఆగింది. కొలంబియా కళాకారిణి డోరిస్ సాల్సెడో 2007లో లండన్‌లోని టేట్ మోడర్న్ భారీ హాలు నేలను 167 మీటర్ల పొడవునా చీల్చింది. జాతివివక్ష నాగరికత కింద పెట్టిన పగులు అదని ఆమె చెప్పింది. జనం దాన్ని దాటుతూ, అందులోకి తొంగిచూస్తూ నడిచారు. ప్రదర్శన అయ్యాక పూడ్చినా నేల మీద మచ్చ మిగిలింది. లండన్‌లో పగులును తెచ్చిపెట్టాల్సి వచ్చింది, బైరాన్‌పల్లిలో దాన్ని కాపాడుకోవడమే పని. సున్నం కొట్టి, రంగు పూసి, లైట్లు పెట్టి బురుజును ‘అందంగా’ చేసే ఆలోచన ఏ అధికారికీ రాకూడదని నా కోరిక.

మూడో రోజు, శనివారం: నిర్మల్

కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా పొద్దంతా ప్రయాణం. సోన్ వంతెన మీద గోదావరి దాటేసరికి మూడైంది. దారిలో మాట్లాడుకున్నదంతా పేర్ల గురించే. గుంటర్ డెమ్‌నిగ్ అనే జర్మన్ కళాకారుడు నాజీల చేతిలో బలైన ఒక్కొక్కరి పేరూ పది సెంటీమీటర్ల ఇత్తడి పలక మీద చెక్కి, వాళ్లు చివరిగా తమ ఇష్టప్రకారం నివసించిన ఇంటి ముందు కాలిబాటలో పొదుగుతున్నాడు. 1990లలో మొదలైన ఆ పని 2023 నాటికి లక్ష పలకలు దాటింది. చదవాలంటే తల వంచాల్సిందే. ఆ పద్ధతి ఇక్కడ పనికొస్తుందా అని వాడు అడిగాడు. పేరు, పుట్టిన ఏడు, ఇంటి నంబరు, రైలెక్కించిన తేదీ అన్నీ హంతకులే చిట్టాల్లో రాసిపెట్టిన చోట అది కుదురుతుంది. మన హంతకులకు చిట్టాల అలవాటు లేదు.

నిర్మల్‌లో ఆ మాట రుజువైంది. 1857 తిరుగుబాటు తరువాతి ఏళ్లలో రోహిల్లాలతో కలిసి ఆంగ్లేయ, నిజాం సేనలతో పోరాడిన రాంజీ గోండునూ ఆయన అనుచరులనూ కలిపి వెయ్యి మందిని పట్టణం దగ్గరి ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని ఇక్కడ చెప్పుకుంటారు. రాంజీ గోండు చనిపోయిన ఏడాది 1860 అంటారు. మర్రికి ఊడలుంటాయి, ఆ చెట్టు ‘వెయ్యి ఉరుల మర్రి’ అయింది. ఒక్క అక్షరం జరిగి ఊడ ఉరిగా మారిన ఆ పేరును ఏ కవీ పెట్టలేదు, జనం నోటనే అలా తిరిగింది. చరిత్రకు దొరికిన పేరు ఒక్కటి, దొరకనివి తొమ్మిది వందల తొంభై తొమ్మిది. ఆ వెయ్యిని అంకెగా చదవాలో, ‘లెక్కలేనంత మంది’ అనే అర్థంలో తీసుకోవాలో ఎవరికి వారు తేల్చుకోవాలి.

చెట్టు ఇప్పుడు లేదు. గాలివానకు కూలిపోయింది. ఉన్నది స్మారకం.

అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో 2018లో తెరిచిన స్మారకాన్ని నేను ఫొటోల్లోనే చూశాను. తెల్లవాళ్ల మూకలు చంపిన 4,400 మందికి పైగా నల్లజాతి వాళ్ల కోసం, కౌంటీకి ఒకటి చొప్పున 800కి పైగా తుప్పురంగు ఉక్కు దిమ్మెలు అక్కడ ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టినప్పుడు అవి మన ఎత్తులోనే నేలకు ఆని నిలబడి ఉంటాయి. నడిచేకొద్దీ నేల కిందికి దిగుతుంది, దిమ్మెలు మాత్రం ఉన్నచోటే ఉండి, చివరికి తల మీద వేలాడతాయి. ఎక్కడా తాడు లేదు, చెట్టు లేదు, దేహం లేదు. మనం కిందికి దిగడం వల్లనే వాళ్లు ఉరికి వేలాడుతున్నట్టు అవుతుంది, చూసేవాడికి ఇంతకంటే కఠినమైన స్థానం మరొకరు ఇవ్వగలరని నేననుకోను. ఇదంతా నిర్మల్ రోడ్డు పక్క నిలబడి నేను వర్ణిస్తుంటే లారీల హారన్లకు సగం మాటలు వాడికి వినపడలేదు. టేపు ఎక్కడ పెట్టి కొలవాలో తెలియక వాడు ఆకాశం వైపు చూశాడు. లేని చెట్టుకు కొమ్మలు ఎంత ఎత్తులో ఉండి ఉంటాయో ఊహించడం తప్ప అక్కడ చేయడానికి మరేమీ లేదు.

రాత్రి లాడ్జిలో నీళ్లు రాలేదు. పొనికి కర్రతో చేసిన చిన్న లేడిపిల్ల బొమ్మ ఒకటి మనవరాలి కోసం కొన్నాను. అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు.

నాలుగో రోజు, ఆదివారం: మార్లవాయి, జోడేఘాట్

ఉట్నూరు, జైనూరు దారిలో రెండు పక్కలా పత్తి ఏరుతున్నారు. మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధులు చూశాము. కొమురం భీం 1940లో చనిపోయాక, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం పురమాయించిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఆయన. రెండో ప్రపంచ యుద్ధం వల్ల శత్రుదేశస్థుడిగా హైదరాబాద్ సంస్థానంలో చిక్కుకుపోయినవాడు ఈ ఊళ్లో గుడిసె వేసుకుని ఉండి, గోండు పిల్లలకు గోండీలో చదువు చెప్పే ఏర్పాటు చేయించాడు. భార్య బెట్టీ 1987లో, ఆయన 1995లో పోయారు. గుస్సాడీ నృత్యానికి పద్మశ్రీ అందుకుని 2024 అక్టోబరులో మరణించిన కనకరాజుదీ ఈ ఊరే. ఒక ప్రభుత్వం ముందు మనుషులను కాల్చి, తరువాత కారణం వెతకడానికి పండితుణ్ణి పంపడంలో ఉన్న వరుసక్రమం నాకు మింగుడుపడదు. అయినా ఆ పండితుడు మంచివాడు కావడం గోండుల అదృష్టం.

హట్టి దగ్గర మలుపు తిరిగి కొండదారిలో జోడేఘాట్ ఎక్కాము. ‘జల్, జంగల్, జమీన్’ అని భీం పన్నెండు గూడేలను కూడగట్టి నిజాం సేనలతో పోరాడి నేలకొరిగిన చోటు ఇది. ఆయన వర్ధంతిని గోండులు ఇంగ్లిష్ తేదీ ప్రకారం కాకుండా ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు. 2016లో తెరిచిన మ్యూజియంలో గోండుల జీవితమూ, భీం పోరాటమూ బొమ్మల రూపంలో ఉన్నాయి. శ్రద్ధగా చేశారు, వేళ్లు కూడా బాగా వచ్చాయి. అయినా లోపల ఉన్నంతసేపూ నాకు ఒక ఇబ్బంది తోస్తూనే ఉంది. బయట చెట్టు కింద చుట్ట కాలుస్తున్న గోండు ముసలమ్మ, లోపల దంచుతున్నట్టు నిలబెట్టిన బొమ్మ ముసలమ్మ ఒకే రకం చీర కట్టుకున్నారు. బతికున్న జనాన్ని మ్యూజియంలో పెడితే వాళ్లు నిన్నటి వాళ్లయిపోతారు. భీం అడిగిన భూమి తగాదా మాత్రం పోడు పట్టాల రూపంలో నేటిదే.

మేడారం గుర్తుకొచ్చింది. కాకతీయ సైన్యంతో పోరాడి ప్రాణాలిచ్చిన సమ్మక్క, సారలమ్మలకు అక్కడ విగ్రహం లేదు. గద్దె మీద వెదురు, కుంకుమభరిణె, మొక్కుగా వచ్చే బెల్లం. రెండేళ్లకోసారి వాటిని అడవి నుంచి తెస్తారు, జాతర అయ్యాక అడవికే పంపుతారు. మిగిలిన రోజుల్లో అక్కడ ఖాళీ గద్దెలే ఉంటాయి. జంపన్న నెత్తురు కలిసిందని చెప్పే వాగులో లక్షల మంది మునుగుతారు. రాజ్యం చేతిలో చనిపోయిన ఆదివాసీలను తలచుకోవడానికి ఆదివాసీలే కనిపెట్టిన ఈ పద్ధతి ఎన్నో వందల ఏళ్లుగా నడుస్తుంటే, మేమిద్దరం లండన్, మాంట్‌గోమరీ అంటూ కారులో వాదించుకుంటున్నాము. ఆ మాట అంటే వాడు స్టీరింగ్ మీద చేయి కొట్టి నవ్వాడు. అమర్ కన్వర్ అనే కళాకారుడు ఒడిశాలో గనుల కోసం భూములు పోగొట్టుకున్న ఊళ్ల మీద చేసిన పనిలో వందల రకాల దేశీ వరి విత్తనాలను సాక్ష్యంగా పేర్చి పెట్టాడని, బొమ్మ కంటే గింజ నమ్మదగిందని తరువాత వాడే చెప్పాడు. రాత్రి ఉట్నూరులో పడుకున్నాము.

అయిదో రోజు, సోమవారం: ఇంద్రవెల్లి

సోమవారం ఇంద్రవెల్లి సంత. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. భూములు వలసదారుల పాలవుతున్నాయని, గిరిజనుల భూమి ఇతరుల చేతుల్లోకి పోకుండా ఆపే 1/70 చట్టం ఉన్నా అమలు కావడం లేదని, అడవి నుంచి వెళ్లగొడుతున్నారని, సంతలో తూకంలో మోసం జరుగుతోందని గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజు సభ పెట్టింది. సభకు ముందు ఇచ్చిన అనుమతిని తరువాత రద్దు చేశారు. ఆ కబురు అందని గూడేల నుంచి జనం డోళ్లు వాయిస్తూ, సంతకూ సభకూ కలిపి వచ్చారు. పోలీసులు కాల్చారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13. పౌరహక్కుల సంఘాలు 60కి పైగా అన్నాయి.

బైరాన్‌పల్లిలో రెండు అంకెల మధ్య తేడా ఉన్నా ఎవరి ఇంట్లో ఎవరు పోయారో ఊరికి తెలుసు. ఇక్కడ ఆ తేడాలోనే మనుషులు ఉన్నారు. 13కూ 60కీ నడుమ ఉన్నవాళ్లు చనిపోలేదని కాగితం అంటుంది. సంతకు పోయి ఇంటికి రాలేదని గూడెం అంటుంది. పలక మీద పేరు చెక్కాలన్నా, దిమ్మె మీద అంకె వేయాలన్నా ముందు ఆ కాగితాన్ని ఎదిరించాలి. చిట్టా లేని చావుకు రూపం కట్టడం ఎట్లా అన్నదే నా శిష్యుడి అసలు సమస్య అని నాకు అక్కడ అర్థమైంది. అంకె వేస్తే ఒక పక్షం, వేయకపోతే మరుపు.

ఎర్రటి స్థూపం ఊరి అంచున నిలబడి ఉంది. సంఘం వాళ్లు కట్టిన మొదటి స్థూపాన్ని 1986లో పేల్చివేశారు. జనంలో కోపం రేగడంతో మరుసటి ఏడాది గిరిజనాభివృద్ధి సంస్థ ద్వారా మళ్లీ కట్టించారు. కాల్చిన ప్రభుత్వమే స్థూపం కట్టి, ఏటా ఏప్రిల్ 20 వచ్చేసరికి 144 సెక్షన్ పెట్టి, దారుల్లో చెక్‌పోస్టులు వేసి, ఎవరూ దాని దగ్గరికి రాకుండా చూసింది. దశాబ్దాల పాటు అదే జరిగింది. ఇటీవలి ఏళ్లలో ఆ ఆంక్షలు సడలాయి, 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. చనిపోయినవాళ్లకూ చూసేవాళ్లకూ నడుమ పెట్టిన దూరం ఒక మండలమంత ఉన్న స్మారకం ప్రపంచంలో మరెక్కడైనా ఉందేమో నాకు తెలిసి లేదు. ఆ చెక్‌పోస్టులే దాని అసలు నిర్మాణం అనుకుంటే, దాన్ని మించిన ఇన్‌స్టలేషన్‌ను నా శిష్యుడు చేయలేడు.

వాడు మాత్రం పట్టు వదలలేదు. స్థూపం అడుగున టేపు కొస ఆనించి నన్ను పట్టుకోమని, సంత వైపు వెనక్కి నడవడం మొదలుపెట్టాడు. ముప్పై మీటర్లు అయిపోయాయి. గుర్తు పెట్టి మళ్లీ పరిచాడు. రెండోసారి పరుస్తున్నప్పుడు, సంత నుంచి జొన్నల మూట భుజాన వేసుకుని వస్తున్న ఒక గోండు పెద్దాయన టేపు దగ్గర ఆగాడు. దాటలేదు. తొక్కలేదు. కాసేపు దాన్నే చూసి, నన్ను అడిగాడు: “ఫారెస్టోళ్లా? సర్వేనా?”

నా చేతిలో కొస వణికింది. నాలుగు రోజులుగా మేము ఏ వస్తువుతో తిరుగుతున్నామో ఆ మాటతో తెలిసింది. ఈ నేల మీద టేపు పరిచినవాడు ఎవడూ చావులు లెక్కపెట్టడానికి రాలేదు. హద్దు వేయడానికో, పట్టా ఇవ్వకపోవడానికో, చేను ఖాళీ చేయించడానికో వచ్చాడు. 1981లో జనం సభకు వచ్చిందీ ఆ టేపు మీదనే. నా శిష్యుడు దూరం నుంచే విని, పరుగున వచ్చి టేపు చుట్టేశాడు. “కాదు దాదా, మేము బొమ్మలు ఏసేటోళ్లం” అన్నాడు. ఆయన నమ్మినట్టు లేడు. మూట దించి స్థూపం వైపు చూసి, అది కాదు, జనం ఉన్నది ఇక్కడ కాదు అన్నట్టు తల ఊపాడు.

“యాడ దాదా?”

ఆయన చేయి చాచి, ఇళ్ల మీదుగా, సంత గుడారాల మీదుగా, చింతచెట్ల వరకు మెల్లగా తిప్పాడు. “గాడికెల్లి గాడిదాకా” అన్నాడు. మళ్లీ మూట ఎత్తుకుని వెళ్లిపోయాడు.

గుడిహత్నూరు దగ్గర చాయ్ తాగడానికి ఆగినప్పుడు నోటుబుక్కు తీసి చూశాను. ఆ రోజు పేజీలో అంకెలు లేవు. చాచిన చేయి ఒకటి గీసి ఉంది. భుజమూ మోచేయీ బాగానే వచ్చాయి, వేళ్లు ఎప్పటిలాగే రాలేదు. చిటికెన వేలు ఎక్కడ మొదలవుతుందో చూపించి పెన్సిల్ వాడి చేతికే ఇచ్చాను. ఆర్మూరు వచ్చేదాకా రెండుసార్లు చెరిపాడు.